మొబైల్ పట్టీలో ‘మొత్తం’ గడి: కాటా దగ్గర దిద్దిన అంకె బిల్లులో ఎందుకు మారదు?

మైలవరం: శీతకాలంలో పత్తి, సంక్రాంతికి ముందూ వెనకా ధాన్యం, ఎండలు ముదిరాక మామిడి. ఎన్టీఆర్ జిల్లాలోని ఈ ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఏదో ఒక సరుకు కాటా ఎక్కుతూనే ఉంటుంది. సరుకు ఏదైనా అమ్మినవారి చేతికీ, కొన్నవారి చేతికీ చివరకు వచ్చేది పట్టీ. బస్తాలెన్ని, తూకమెంత, తరుగెంత, ధర ఎంత, హమాలీ, కిరాయి, కమీషన్ పోను రావలసిందెంత అన్నది ఆ చిన్న కాగితం మీద తేలాలి.

ఆ కాగితం పని ఇప్పుడు మొబైల్ ఫోను చేస్తున్నది. ఫోనులో పట్టీ రాయటం వర్తకులకు వింతేమీ కాదు. పైన నాలుగు గడుల్లో అంకెలు వేస్తే కింద నాలుగు గడులు వాటంతటవే నిండుతాయి. ధర గడిలో ఒక అంకె మార్చితే అడుగున ఉన్న ‘చెల్లించవలసినది’ క్షణంలో మారుతుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ గడి ఎప్పుడు మారుతుంది, ఎందుకు మారుతుంది, ఒక్కొక్కసారి మారవలసి ఉండి కూడా ఎందుకు మారదు అన్న సంగతి తెలియకపోతే వర్తకుడికి చిక్కు తప్పదు. తెర మీద కనబడిన మొత్తం ఒకటి, మర్నాడు అచ్చయి వచ్చిన పట్టీలో మొత్తం మరొకటి అయితే రైతు యాప్‌ను నిలదీయడు, కొట్టు యజమానినే నిలదీస్తాడు. కాటా దగ్గర అంకె బయటికి చదివితే అది మాట ఇచ్చినట్లే.

రాసే గడులు, లెక్క గడులు

పట్టీ యాప్‌లో గడులు రెండు జాతులు. మనిషి రాసేవి కొన్ని: బస్తాల సంఖ్య, కాటా తూకం, తేమ శాతం, ధర. యంత్రం లెక్క గట్టి చూపేవి కొన్ని: గోతాల తూకం, నికర తూకం, సరుకు విలువ, కమీషన్, చెల్లించవలసినది. రెండో జాతి గడులకు సొంత బలం లేదు. అవి మొదటి జాతి గడుల నీడలు. మనిషి కదిలితే నీడ కదలాలి. కదలకపోతే ఎక్కడో తేడా ఉన్నట్లే.

పాత పద్ధతిలో గుమాస్తా అన్ని అంకెలూ వేసుకొని ఆఖరున ఒక్కసారి మొత్తం కట్టేవాడు. ఫోను అలా ఆగదు. ప్రతి అంకె నొక్కగానే లెక్క మళ్లీ గడుతుంది. నికర తూకం 300 క్వింటాళ్లు, ధర 2,369 రూపాయలు అనుకుందాం. ధర గడిలో మొదట 2 నొక్కగానే విలువ 600 రూపాయలు అని పడుతుంది. తర్వాత 3 నొక్కితే 6,900. ఆ తర్వాత 6 నొక్కితే 70,800. చివరి 9 పడిన తర్వాతనే 7,10,700 వస్తుంది. అంటే నాలుగు అంకెల ధరకు నాలుగు మొత్తాలు తెర మీదికి వస్తాయి, వాటిలో మూడు అబద్ధాలు. పక్కన నిలబడి తొంగి చూసేవారికి ఏది పూర్తయినదో, ఏది సగంలో ఉన్నదో తెలియదు. మంచి యాప్ అయితే గడిలో రాయటం ముగిసే దాకా మొత్తాన్ని వెలవెలగా చూపి, ముగిశాక ముదురు రంగులోకి తెస్తుంది. లేదా వేలు ఆగిన తర్వాత అర క్షణం ఆగి మారుస్తుంది. ఈ అర క్షణాన్ని యాప్ మందకొడితనం అని విసుక్కునేవారు ఉంటారు. అది మందకొడితనం కాదు, జాగ్రత్త.

ఖాళీ గడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. హమాలీ గడి ఖాళీగా ఉంటే హమాలీ లేదని అర్థమా, ఇంకా తేలలేదని అర్థమా? గుమాస్తాకు ఈ రెండింటి తేడా తెలుసు. ప్రోగ్రాము ఖాళీని సున్నాగా పట్టుకొని మొత్తం కట్టేస్తే, తేలని ఖర్చు లేని ఖర్చుగా మారిపోతుంది. అవసరమైన గడి ఏదైనా ఖాళీగా ఉన్నంతసేపు మొత్తం గడిలో అంకె బదులు ఒక గీత ఉండటమే న్యాయం. అంకెల మధ్య కామా కూడా ఇటువంటిదే. 1,777 అని కామాతో రాస్తే కామా దగ్గర ఆగిపోయి ఒక్క రూపాయిగా చదువుకొనే ప్రోగ్రాములు ఉన్నాయి. ఇంత పెద్ద తప్పు కంటికి వెంటనే ఆనుతుంది గనుక ప్రమాదం తక్కువ. చిన్న తప్పులే కొంప ముంచుతాయి.

గంట మోగని గడి

లెక్క గడి తనంతట తాను మేలుకోదు. రాసే గడిలో మార్పు జరిగినప్పుడు ప్రోగ్రాములో ఒక గంట మోగుతుంది అనుకుంటే, ఆ గంట విని లెక్క గడి మళ్లీ లెక్క వేసుకుంటుంది. ప్రోగ్రాము రాసినవారు తూకం గడికీ ధర గడికీ గంట కట్టి, బస్తాల గడికి కట్టటం మరిచారనుకుందాం. 400 బస్తాలు, కాటా తూకం 30,240 కిలోలు, గోతాం ఒక్కింటికి 600 గ్రాముల చొప్పున 240 కిలోలు పోను నికరం 30,000 కిలోలు. ఇంతవరకు సరే. సరుకు దించేటప్పుడు మళ్లీ లెక్కపెడితే బస్తాలు 396 అని తేలాయి. గుమాస్తా 400 కొట్టివేసి 396 వేశాడు. గోతాల తూకం 237 కిలోల 600 గ్రాములకు తగ్గి, నికరం 30,002 కిలోల 400 గ్రాములు కావాలి. గంట లేదు గనుక నికరం 30,000 దగ్గరే కూర్చున్నది. పట్టీ మీద బస్తాలు 396 అని ఒప్పుగా ఉంటుంది, డబ్బు మాత్రం 400 బస్తాల లెక్కన ఉంటుంది. తేడా 56 రూపాయల 86 పైసలు. చిన్నదే. కాని పట్టీలోని అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోవటం చిన్న సంగతి కాదు. అది తగాదాకు పునాది.

గంటలన్నీ ఉన్నా వరుస తప్పితే ఇదే గతి. నికర తూకం మారకముందే సరుకు విలువ లెక్క కట్టేస్తే అది పాత తూకం మీద కట్టినట్లవుతుంది. ఈ చిక్కు మొబైల్ ఫోనులతో పుట్టింది కాదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు అమెరికనులు విసికాల్క్ అనే ప్రోగ్రామును ఆపిల్ కంప్యూటరు కోసం తయారు చేశారు. హార్వర్డ్ బిజినెస్ స్కూలులో చదువుతున్నప్పుడు బ్రిక్లిన్‌కు ఆ ఆలోచన తట్టింది. నిలువు అడ్డు గడుల కాగితంలో ఒక అంకె మారిస్తే దాని మీద ఆధారపడినవన్నీ చెరిపి మళ్లీ రాసుకొనే బాధ తప్పించటమే ఉద్దేశం. ఆ ప్రోగ్రాము గడులను వరుసగా ఒక దిక్కు నుంచి లెక్క కట్టుకుంటూ పోయేది. పైగడి కింది గడి మీద ఆధారపడితే ఒక్క విడత సరిపోయేది కాదు, మళ్లీ లెక్క కట్టమని మీట నొక్కవలసి వచ్చేది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 ఏ గడి దేని మీద ఆధారపడిందో చూసుకొని ఆ క్రమంలోనే లెక్క కట్టటం మొదలుపెట్టింది. నేటి మొబైల్ యాప్ చేయవలసిందీ ఇదే. బస్తాలు, గోతాలు, నికరం, విలువ, కమీషన్, చెల్లింపు అన్న గొలుసులో ముందుది తేలనిదే వెనకది కదలకూడదు.

కూడుతూ పోయే మొత్తం

కాటా దగ్గర తూకాలు ఒకటొకటిగా పడతాయి. 74, 76, 75, 78 అని గుమాస్తా వేస్తూ పోతాడు, మొత్తం పెరుగుతూ పోతుంది. ఇందుకు ప్రోగ్రాము రాయటంలో రెండు దారులున్నాయి. ఉన్న మొత్తానికి కొత్త అంకె కలపటం ఒకటి. కొత్త అంకె పడిన ప్రతిసారీ మొదటి బస్తా నుంచి చివరి బస్తా దాకా మళ్లీ కూడటం రెండోది. మొదటిది తేలిక. మొదటిదే ప్రమాదం. 78 అని వేసింది నిజానికి 73 అని తెలిసి దిద్దితే, పాత 78ని తీసివేసి 73 కలపాలి. తీసివేత మరిచిన ప్రోగ్రాములో రెండూ నిలుస్తాయి. మధ్యలో ఒక వరుస చెరిపివేసినా ఇదే జరుగుతుంది. జాబితాలో వరుస కనబడదు, మొత్తంలో మాత్రం దాని దయ్యం ఉంటుంది.

దీనికి ప్రపంచంలో పేరుపడ్డ ఉదాహరణ కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజిది. 1982 జనవరిలో అక్కడ ధరల సూచీని 1,000 దగ్గర మొదలుపెట్టారు. వాటాల ధర మారినప్పుడల్లా ఉన్న సూచీకి ఆ తేడా కలిపి కొత్త సూచీ వేసేవారు. రోజుకు సుమారు 3 వేల సార్లు ఈ దిద్దుబాటు జరిగేది. ప్రతిసారి దశాంశ బిందువు తర్వాత మూడు అంకెలు ఉంచి మిగిలినది కత్తిరించేవారు. కత్తిరించిన తునక వెయ్యోవంతు కంటె తక్కువే. కాని అన్ని తునకలూ ఒకే దిక్కుకు పోయాయి. 22 నెలలు గడిచేసరికి 1983 నవంబరులో సూచీ 524 చిల్లర దగ్గరకు దిగజారింది. మార్కెట్ అంతగా పడిపోలేదు. మొదటి నుంచి సరిగా లెక్క కడితే అది 1,098 పైచిలుకు అని తేలింది. సగానికి సగం సూచీ లెక్కల దారిలో కారిపోయిందన్నమాట. ఒక్క రోజులో దాన్ని సవరించవలసి వచ్చింది.

జంట పద్దు విధానం తెలిసినవారికి ఇందులోని కిటుకు కొత్త కాదు. ఆవర్జాలోని నిల్వను ఎవరూ నమ్మి ఊరుకోరు. అవసరమైనప్పుడు చిట్టా దాకా వెళ్లి మళ్లీ కూడి చూస్తారు. అంకణా కుదరకపోతే తేడాను అనామతు ఖాతాలో పెట్టి వెతుకుతారు. మొబైల్ పట్టీలో అనామతు ఖాతా ఉండదు గనుక మొత్తం గడిని ఎప్పటికప్పుడు చిట్టా అంకెల నుంచే పుట్టించాలి. వందో రెండు వందలో బస్తాల తూకాలను మళ్లీ కూడటం నేటి ఫోనుకు లెక్కలోది కాదు. కాలం కలిసివస్తుందన్న సాకు ఇక్కడ చెల్లదు.

పావలా పోయింది, పావలా లెక్క పోలేదు

25 పైసల నాణెం 2011 జూన్ 30తో చలామణి నుంచి తప్పుకున్నది. లెక్కల్లో మాత్రం అది ఇంకా తిరుగుతున్నది. 2025-26 ఖరీఫ్ మార్కెటింగ్ సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389 రూపాయలు. కృష్ణా తీరంలో రైతు మాట్లాడేది 75 కిలోల బస్తా లెక్కన. సాధారణ రకం బస్తాకు 1,776 రూపాయల 75 పైసలు. నోటితో చెప్పేటప్పుడు 1,777 అంటారు. మాటకు అది బాగానే ఉంటుంది. అదే అంకెను బస్తా ధర గడిలో నిలిపి దాంతో గుణిస్తే మాత్రం 400 బస్తాలకు 7,10,800 రూపాయలు వస్తుంది. క్వింటాలు ధరతో కడితే 7,10,700. ఒకే సరుకు, ఒకే ధర, 100 రూపాయల తేడా. ఏ గ్రేడు బస్తా 1,791 రూపాయల 75 పైసలు. దాన్ని 1,792 చేస్తే ఇదే తేడా మళ్లీ వస్తుంది. చిల్లర సర్దటం తప్పు కాదు, ఎక్కడ సర్దారన్నదే ప్రశ్న. మధ్య గడుల్లో పైసలు అలాగే మోసుకొని వచ్చి ఆఖరి గడిలో ఒక్కసారి సర్దాలి. జీఎస్టీ చట్టం 170వ సెక్షను కూడా చెల్లించవలసిన పన్ను మొత్తాన్ని దగ్గరి రూపాయికి సర్దమంటున్నది: 50 పైసలు, అంతకు పైన ఉంటే రూపాయిగా పెంచటం, లోపు ఉంటే వదిలివేయటం.

తెర మీద చూపే అంకె వేరు, లోపల మోసే అంకె వేరు అన్నది ఇందులోని అసలు సూత్రం. తెర మీద 1,777 అని చూపవచ్చు. లోపల 1,776.75 ఉండాలి. చూపిన అంకెను తీసుకొనే కింది గడి లెక్క కట్టే యాప్‌లో ప్రతి మెట్టులోనూ కొంత కారిపోతుంది.

ఇంకొక చిత్రం ఉంది. కంప్యూటరు లెక్క రెండు అంకెల మీద నడుస్తుంది, మనది పది అంకెల మీద. ఒకటిని మూడుతో భాగిస్తే మనకు 0.333 అని ఎప్పటికీ తెగదు. అదే విధంగా పదోవంతు అన్నది కంప్యూటరుకు తెగదు. కొద్దిగా అటో ఇటో ఉంచుకుంటుంది. అందువల్ల 1.005ను 100తో గుణిస్తే సరిగ్గా 100.5 రాక 100.4999 అని మొదలయ్యే అంకె వచ్చే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. పైకి సర్దవలసిన చోట అది కిందికి సర్దుకుంటుంది. మందు సులువే. డబ్బును రూపాయల్లో కాక పైసల్లో, తూకాన్ని టన్నుల్లో కాక గ్రాముల్లో, చుక్క లేని నిండు అంకెలుగా లోపల దాచుకోవాలి. చూపేటప్పుడు రూపాయలుగా, క్వింటాళ్లుగా చూపాలి.

ముందు ఏది, వెనక ఏది

తరుగు విషయంలో తప్పు యంత్రానిది కాదు, మాటది. తరుగు వందకు రెండు అనుకున్నారనుకుందాం. ఏ వందకు? కాటా తూకం 30,240 మీదనైతే 604 కిలోల 800 గ్రాములు. గోతాలు పోయిన 30,000 మీదనైతే 600 కిలోలు. ఆ 4 కిలోల 800 గ్రాములకు 2,369 ధరన 113 రూపాయల 71 పైసలు. కాగితం పట్టీలో గుమాస్తా ఊరి వాడుక ప్రకారం చేసుకొనేవాడు. యాప్ తయారు చేసినవారికి ఊరి వాడుక తెలియదు. వారు ఏది ముందు పెడితే అదే వాడుకగా మారిపోతుంది.

పత్తిలో ఇది ఇంకా పెద్దది. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కాటన్ కార్పొరేషన్ కొనుగోలులో తేమ 8 శాతం వరకు పూర్తి ధర. ఆపైన 12 శాతం దాకా తేమను బట్టి కోత, 12 దాటితే కొనుగోలు లేదు. తేమ యంత్రం 10.4 చూపిందనుకుందాం. ఉన్నది ఉన్నట్లు 2.4 శాతం కోస్తే 194 రూపాయల 64 పైసలు పోయి ధర 7,915.36. తేమ గడి చుక్క తర్వాతి అంకెను మింగి 10గా పట్టుకుంటే ధర 7,947.80. పైకి సర్ది 11 చేస్తే 7,866.70. చివరి రెండింటికీ మధ్య క్వింటాలుకు 81 రూపాయల 10 పైసలు, 20 క్వింటాళ్లకు 1,622 రూపాయలు. ఏది సరి అన్నది కొనుగోలు షరతు తేల్చవలసిన మాట. తేమ గడిలో చుక్క పెట్టనివ్వని యాప్ ఆ మాటను ఎవరినీ అడగకుండా తానే తేల్చేస్తున్నది. ప్రైవేటు కొనుగోలుదారులు తమ షరతులతో పట్టీ యాప్ చేయించుకునేటప్పుడు ఈ ఒక్క గడి మీద అరగంట మాట్లాడినా నష్టం లేదు.

తిరగబడే గడులు

మామిడిలో బేరం రెండు రకాలుగా తెగుతుంది. టన్నుకు ఇంత అని ఒకటి, బండి మొత్తానికి ఇంత అని మరొకటి. అందుకని కొన్ని యాప్‌లలో రెండు గడులూ రాసుకోవచ్చు: ధర వేస్తే మొత్తం వస్తుంది, మొత్తం వేస్తే ధర వస్తుంది. సౌకర్యమే. కాని మొత్తం మారిందని ధర మారి, ధర మారిందని మొత్తం మళ్లీ మారితే? బండిలో 3,170 కిలోల బంగినపల్లి, ఏకమొత్తం లక్ష రూపాయలకు తెగిందనుకుందాం. కిలో ధర 31 రూపాయల 54 పైసలా, 55 పైసలా అన్న మీమాంసలో యాప్ 31.55 అని సర్దుతుంది. ఆ ధర మారినట్లు గంట మోగుతుంది. 3,170ని 31.55తో గుణిస్తే 1,00,013 రూపాయల 50 పైసలు. లక్షకు తెగిన బేరం కళ్లముందే లక్షా పదమూడున్నర అవుతుంది. గుమాస్తా మళ్లీ లక్ష అని వేస్తే మళ్లీ అదే. మనిషి చివరిసారి ఏ గడిలో రాశాడో యాప్ గుర్తుంచుకోవాలి. ఆ గడి బేరం, రెండోది వట్టి లెక్క. లెక్క గడి బేరపు గడిని తాకకూడదు.

కమీషన్‌లో ఈ తిరగలి పూర్తి చుట్టు తిరుగుతుంది. లక్ష రూపాయల సరుకుకు కమీషన్ వందకు 4 అనుకుందాం. సరుకు విలువ మీదనైతే 4,000 పోను 96,000, తగాదా లేదు. ప్రోగ్రాము పొరపాటున కమీషన్‌ను చెల్లించవలసిన మొత్తం మీద కడితే చెల్లింపు కమీషన్ మీద, కమీషన్ చెల్లింపు మీద ఆధారపడతాయి. మొదటి చుట్టులో 4,000, చెల్లింపు 96,000. దాని మీద 3,840; చెల్లింపు 96,160. దాని మీద 3,846.40; చెల్లింపు 96,153.60. ఇలా తిరిగి తిరిగి 96,153 రూపాయల 85 పైసల దగ్గర కుదుటపడుతుంది. యాప్ ఏ చుట్టులో ఆగితే ఆ అంకె పట్టీకెక్కుతుంది. గడి మీద వేలు పెట్టిన ప్రతిసారీ మొత్తం కొద్దికొద్దిగా కదులుతుంటే ఫోను పాడయిందని అనుకోనక్కర లేదు. ఎక్కడో రెండు గడులు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నాయి.

కదలటం ఎప్పుడు ఆగాలి?

ఇంతవరకు చెప్పినది మారవలసిన గడి మారకపోవటం గురించి. దీనికి తిరగేసిన జబ్బు మారకూడని గడి మారటం. పట్టీ ఖాయమయిన తర్వాత అందులోని ధర, కమీషన్ రేటు, పన్ను రేటు ఆనాటివే ఉండాలి. కొన్ని యాప్‌లు రేటును పట్టీలో రాసుకోవు, సెట్టింగులలో ఒక్కచోట ఉంచుతాయి. పాత పట్టీని తెరిచినప్పుడల్లా ఇప్పటి రేటుతో లెక్క కడతాయి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. బిందు సేద్య పరికరాల మీద 12 శాతం ఉన్నది 5 శాతమయింది. తోటలకు డ్రిప్ సామగ్రి అమ్మే వర్తకుడు సెట్టింగులో 12 తీసి 5 వేసిన తర్వాత, ఆగస్టులో ఇచ్చిన బిల్లును వెతికి తెరిస్తే అది 5 శాతంతో కనబడిందంటే ఆ యాప్ చరిత్రను తిరగరాస్తున్నట్లే. కొన్నవారి దగ్గర ఉన్న కాగితంలో 12, అమ్మినవారి ఫోనులో 5. ఖాతాపుస్తకంలో కొట్టివేత కనబడుతుంది, ఇక్కడ కొట్టివేసిన మరక కూడా ఉండదు.

కాబట్టి పట్టీ రాసుకుంటున్నంతసేపు గడులు కదలాలి. ఖాయం చేసిన క్షణం నుంచి అవి బిగిసిపోవాలి. ఆ తర్వాత తప్పు దొరికితే పాత పట్టీని దిద్దకూడదు. జమా పత్రమో ఖర్చు పత్రమో వేరుగా పుట్టాలి. బి.కాం. మొదటి సంవత్సరంలో చెప్పే తప్పుల సవరణ పద్దు పాఠమే ఇది.

కాటా ఒకచోట, కొట్టు ఒకచోట ఉన్నవారికి మరొక చిక్కు ఉంది. కాటా దగ్గర గుమాస్తా తూకం వేస్తున్నాడు, కొట్టులో యజమాని అదే పట్టీ తెరిచి ధర వేస్తున్నాడు. కాటా దగ్గర సిగ్నల్ పోయింది. ఎవరి ఫోనులో లెక్క వారికి సరిగానే కనబడుతున్నది. సిగ్నల్ రాగానే రెండు పట్టీలూ కలవాలి. మొత్తం గడులతో సహా పట్టీని గంపగుత్తగా పంపే యాప్‌లో ఆఖరున చేరినది గెలుస్తుంది, మొదటిది చెరిగిపోతుంది. మార్చిన గడులను మాత్రమే, అంటే తూకాలను ఒకరి దగ్గర నుంచి, ధరను మరొకరి దగ్గర నుంచి తీసుకొని మొత్తాన్ని అక్కడ మళ్లీ కట్టే యాప్‌లో ఏదీ పోదు. లెక్క గడిని రవాణా చేయకూడదు, చేరిన చోట పుట్టించాలి. ఫోను పంపిన మొత్తాన్ని అవతలి కంప్యూటరు గుడ్డిగా నమ్మకుండా తానూ కట్టి సరిచూడటం కూడా ఇందులో భాగమే.

ఈ లెక్కలు వర్తకుల ఫోనులకే పరిమితం కావు. ధాన్యం అమ్మకానికి వాట్సప్ ద్వారా సమయం ఖరారు చేసుకొనే సదుపాయాన్ని రాష్ట్ర పౌరసరఫరాల శాఖ 2024లో తెచ్చింది. పత్తి రైతుల నమోదుకు, అమ్మకపు తేదీ ఎంపికకు కాటన్ కార్పొరేషన్ 2025లో కపాస్ కిసాన్ యాప్‌ను ప్రవేశపెట్టింది. రైతు కూడా ఫోనులో అంకెలు చూసుకొనే కొట్టుకు వస్తున్నాడు. 75 కిలోలకు 1,776 రూపాయల 75 పైసలన్నది అతనికి తెలుసు.

కొనే ముందు పరీక్ష

పట్టీ యాప్ అమ్మవచ్చినవారు సాధారణంగా పై నుంచి కిందికి వరుసగా అంకెలు వేసి చూపుతారు. అలా వేస్తే అన్ని యాప్‌లూ బాగానే ఉంటాయి. కిందినుంచి పైకి వేయించి చూడాలి. ముందు ధర, తర్వాత తూకం, ఆఖరున బస్తాలు. మొత్తం అదే రావాలి. తర్వాత మధ్యలో ఒక బస్తా తూకం దిద్దించి, ఒక వరుస చెరిపించి, మిగిలిన తూకాలను కాగితం మీద కూడి చూసుకోవాలి. హమాలీ ఖాళీగా వదిలినప్పుడు ఏం చూపుతుందో, తేమ గడిలో 10.4 పడుతుందో లేదో, ఏకమొత్తం లక్ష వేస్తే లక్షగానే నిలుస్తుందో లేదో చూడటానికి పది నిమిషాలు చాలు. పట్టీ ఖాయం చేసి, సెట్టింగులలో కమీషన్ రేటు మార్చి, అదే పట్టీని మళ్లీ తెరవాలి. మారిందంటే ఆ యాప్ వద్దు. ఆఖరున ఫోనులో ఇంటర్నెట్ ఆపి, రెండో ఫోనుతో అదే పట్టీ దిద్దించి, మళ్లీ కలిపి చూడాలి. అమ్మవచ్చినవారికి ఎక్కువ చెమటలు పట్టేది ఇక్కడే.

అన్నిటికంటె మంచి పరీక్ష కొట్టులోనే ఉంది. గత సీజనులో తగాదా వచ్చి చివరకు పరిష్కారమైన కాగితం పట్టీలు నాలుగు తీసి, అవే అంకెలు యాప్‌లో వేయించాలి. తరుగు ఏ తూకం మీద, కమీషన్ ఏ విలువ మీద అన్నది ఆ పట్టీల్లో అప్పటికే తేలి ఉంటుంది. అవి పైసాతో సహా కుదిరేదాకా రెండు పద్ధతులూ పక్కపక్కనే నడపాలి. మామిడి కోతలు ఏప్రిల్‌లో ఊపందుకుంటాయి. రోజుకు పది బండ్లు కాటా ఎక్కే వేళ ఈ పని పెట్టుకోవటం కుదరదు. పత్తి తగ్గి, మామిడి ఇంకా రాని ఫిబ్రవరి, మార్చి నెలలే దీనికి వీలు.